ద్రవస్ఫటికం: ఒక సమాసం, నాలుగు విగ్రహాలు
(కొలెస్టరాల్ ఎస్టర్ల భౌతికధర్మాల ఆధారంగా పరిభాషా విమర్శ)

వ్యాస సంగ్రహం

కొలెస్టరాల్ ఎస్టర్లలో చాలావరకు వేడికి ఘనస్థితి నుంచి నేరుగా ద్రవస్థితికి పోవు. మధ్యలో ఒకటో రెండో స్థితులను దాటి వెళ్తాయి. ఆ మధ్యస్థితులకు తెలుగులో స్థిరపడిన పేరు ‘ద్రవస్ఫటికం’. ఈ సమాసానికి చెప్పగల విగ్రహవాక్యాలను, 1888 తర్వాత ఐరోపా శాస్త్రజ్ఞుల మధ్య నడిచిన వివాదం పక్కన పెట్టి, ఎస్టర్ల ధర్మాలు వాటిలో దేనిని సమర్థిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘స్ఫటికం’ అనే మాటకు తెలుగులో ఉన్న అర్థచ్ఛాయను, మధ్యస్థితుల ఉపభేదాలకు తెలుగు ప్రతిపదాల సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: కొలెస్టరాల్ ఎస్టర్లు, ద్రవస్ఫటికం, మధ్యస్థితి, పరిభాష, సమాసం, విగ్రహవాక్యం, అన్యపదార్థం.

1. ప్రవేశిక

తెలుగులో శాస్త్ర పరిభాషపై జరిగిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. సంస్కృత సమాసం మేలా, అచ్చతెలుగు మాట మేలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచడం మేలా అన్నదే ఆ ప్రశ్న. ఇది అవసరమైన చర్చే. కానీ పేరు ఏ వస్తువుకు పెట్టారో ఆ వస్తువు దగ్గరికి వెళ్లి, దాని ధర్మాలతో పేరును సరిచూసిన విమర్శ తక్కువ. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ద్వారా పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు వెలువడ్డాయి. వాటి భాష కష్టమన్న ఫిర్యాదు పదేపదే వినిపించింది. ఒక పదం కష్టమా సులభమా అన్నదానికంటే ముందు అది నిజమా కాదా అని అడగవలసి ఉంటుంది.

ఆ ప్రశ్న అడగడానికి ‘ద్రవస్ఫటికం’ తగిన పదం. రెండూ తత్సమాలే కాబట్టి ఇది సాంస్కృతిక సమాసం. చూడడానికి సరళంగా ఉంటుంది. పాఠకుడు దాన్ని ఎక్కడా తడబడకుండా చదువుకుంటాడు. చిక్కంతా విగ్రహవాక్యం చెప్పబోయినప్పుడే మొదలవుతుంది.

2. రెండు ద్రవీభవన స్థానాలు

ఫ్రెడరిక్ రైనిట్సర్ వృక్షశాస్త్రజ్ఞుడు. ప్రాగ్ నగరంలోని జర్మన్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తూ, క్యారెట్ దుంప నుంచి తీసిన కొలెస్టరాల్ సరైన అణుసంకేతం ఏమిటో తేల్చే ప్రయత్నంలో ఉన్నాడు. ఆ అణువులో 27 కార్బన్, 46 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయన్నది ఆయన నిర్ధారణ. అది సరైనదే. అయితే చరిత్రలో ఆయన పేరు నిలిచింది అందువల్ల కాదు. కొలెస్టరాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపి చేసిన ఎస్టర్, అంటే కొలెస్టరిల్ బెంజోయేట్, 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసకగా ఉన్న ద్రవమైంది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల వద్ద ఆ మసక ఒక్కసారిగా విడిపోయి ద్రవం తేటపడింది. చల్లబరిచేటప్పుడు ఊదా, నీలం రంగులు కాసేపు మెరిసి మాయమయ్యాయి.

కొలెస్టరాల్ సమ్మేళనాలు చల్లారేటప్పుడు రంగులు చూపడం ఆయనకు ముందే మరికొందరు గమనించారు. రంగును వదిలేసి రెండు ఉష్ణోగ్రతలను పట్టుకోవడంలోనే రైనిట్సర్ ప్రత్యేకత ఉంది. శుద్ధపదార్థానికి ద్రవీభవన స్థానం ఒకటే ఉంటుందని, పదార్థం శుద్ధమా కాదా అని తేల్చే గీటురాయి కూడా అదేనని ఆనాటి రసాయనశాస్త్రం నమ్మేది. ఎంత శుద్ధిచేసినా ఈ ఎస్టర్‌కు రెండు స్థానాలూ అలాగే నిలిచాయి. 1888 మార్చిలో ఆయన ఈ సంగతి వివరిస్తూ ఆటో లేమాన్‌కు ఉత్తరం రాసి, నమూనాలు పంపాడు. లేమాన్ దగ్గర వేడిచేస్తూ చూడగలిగే సూక్ష్మదర్శిని ఉంది. మసక ద్రవాన్ని ధ్రువిత కాంతిలో చూస్తే, అది స్ఫటికం లాగా కాంతిని రెండుగా చీల్చుతోంది. పారుతూనే ద్వివక్రీభవనం చూపుతున్న ఆ పదార్థానికి అప్పటికి పేరు లేదు.

కొలెస్టరాల్ పేరులోనే ఇందులోని వింత కొంత దాగి ఉంది. ‘పిత్తం’, ‘ఘనం’ అని అర్థమిచ్చే రెండు గ్రీకు మాటల నుంచి ఆ పేరు పుట్టింది. పిత్తాశయపు రాళ్లలో దొరికిన పదార్థం కాబట్టి దాన్ని ఘనమన్నారు. ఘనమని పేరుపెట్టుకున్న దాని ఎస్టరే, ఘనానికీ ద్రవానికీ మధ్య గీసిన గీత నిలవదని చూపింది.

3. విగ్రహవాక్యాల వివాదం

లేమాన్ 1889లో ప్రచురించిన వ్యాసానికి ‘ప్రవహించే స్ఫటికాలు’ అనే అర్థమిచ్చే శీర్షిక పెట్టాడు. ఆ తర్వాత ఆయన ‘ద్రవ స్ఫటికాలు’ అన్న పేరుకు వచ్చాడు. 1904లో వెలువడిన ఆయన పుస్తకానికి అదే పేరు. తెలుగు ‘ద్రవస్ఫటికం’ ఇంగ్లీషు దారిలో వచ్చినా, దాని మూలం ఇదే. లేమాన్ దృష్టిలో దీని విగ్రహం ‘ద్రవమైన స్ఫటికం’. ఇది విశేషణ పూర్వపద కర్మధారయం. ఉత్తరపదార్థానికే ప్రాధాన్యం కాబట్టి, ఆ వస్తువు స్ఫటికం, ద్రవత్వం దాని విశేషణం మాత్రమే. ‘నల్లకలువ’ కలువే అయినట్లు, ద్రవస్ఫటికం స్ఫటికమే.

గుస్తావ్ తమ్మాన్‌కు ఈ విగ్రహం రుచించలేదు. స్ఫటికమంటే అణువులు తమ తమ చోట్ల కట్టుబడి ఉండే ఘనం. అది పారితే స్ఫటికం కాదు, స్ఫటికమైతే పారదు. కాబట్టి మసక ద్రవంలో రెండు వేర్వేరు పదార్థాలు కలిసి ఉండాలని, అది పాల లాంటి ఎమల్షన్ అని ఆయన వాదించాడు. వ్యాకరణ పరిభాషలో ఇది ద్వంద్వం: ద్రవమూ స్ఫటికమూ. రెండు పదార్థాలకూ సమప్రాధాన్యం. ఒకటి రెండవదానికి విశేషణం కాదు, రెండూ పక్కపక్కన ఉన్నాయంతే.

ఈ రెండు విగ్రహాల మధ్య తేడాను ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. ద్వంద్వమే నిజమైతే శుద్ధి చేసేకొద్దీ రెండింటిలో ఒకటి తొలగిపోవాలి, లేదా రెండు ద్రవీభవన స్థానాలూ జరుగుతూ పోవాలి. రైనిట్సర్ ఎస్టర్‌లో అలా జరగలేదు. 1890లో లుడ్విగ్ గాటర్‌మన్ తయారుచేసిన అజాక్సీ సమ్మేళనాల్లోనూ జరగలేదు. వాటికి కొలెస్టరాల్‌తో ఏ సంబంధమూ లేకపోవడం వల్ల, ఈ వింత ఒక్క కొలెస్టరాల్ కుటుంబపు మాలిన్యమేనని అనడం కుదరలేదు. రుడాల్ఫ్ షెంక్ చేసిన కొలతలూ ఎమల్షన్ వాదాన్ని బలహీనపరిచాయి. మసక నుంచి తేటకు మారడం ఒకే ఉష్ణోగ్రత వద్ద చప్పున జరుగుతుంది. చల్లబరిస్తే అదే చోట తిరిగి మసక వస్తుంది. పాలు ఇలా ప్రవర్తించవు.

ఇక మూడవ విగ్రహం. హాలె నగరంలో డానియెల్ ఫోర్‌లాండర్ ఇలాంటి సమ్మేళనాలను పెద్దసంఖ్యలో తయారుచేశాడు. అణువు పొడవుగా, నిటారుగా ఉంటే ఈ స్థితి వస్తుందన్న సూత్రం ఆయన కృషి ఫలితమే. 1908లో వచ్చిన ఆయన పుస్తకం పేరులో పదాల వరుస మారింది: స్ఫటికతుల్యమైన ద్రవపదార్థాలు. తెలుగులో చెబితే ఇది ‘స్ఫటికద్రవం’. స్ఫటికం వంటి ద్రవం అని విగ్రహం చెబితే ఉపమాన పూర్వపద కర్మధారయమవుతుంది. ఇప్పుడు ఉత్తరపదం ద్రవం. వస్తువు ద్రవమే, స్ఫటికం కేవలం పోలిక. లేమాన్, ఫోర్‌లాండర్ ఒకే వస్తువును చూశారు. పూర్వోత్తరపదాల స్థానం మార్చడంతోనే ఒకరికి అది స్ఫటికమైంది, మరొకరికి ద్రవమైంది.

1922లో ఫ్రెంచి ఖనిజశాస్త్రజ్ఞుడు జార్జ్ ఫ్రీడెల్ ఈ మాటలన్నింటినీ తోసిపుచ్చాడు. ఇవి నిజమైన ద్రవాలూ కావు, నిజమైన స్ఫటికాలూ కావు, ఇది పదార్థానికి మరొక స్థితి అన్నాడు. ‘మధ్యరూపం’ అనే అర్థమిచ్చే గ్రీకు మాటలతో కొత్త పేరు పెట్టాడు. మన వ్యాకరణం దీనికీ ఒక చోటు ఉంచింది. సమాసంలోని రెండు పదాల అర్థాలకూ కాక, వాటికి వెలుపలి మూడవదానికి ప్రాధాన్యం ఉంటే అది బహువ్రీహి, అన్యపదార్థ ప్రధానం. ‘ద్రవమైన స్ఫటికస్వభావం దేనికి కలదో అది’ అని విగ్రహం చెబితే, ‘ద్రవస్ఫటికం’ అనే మాట ద్రవాన్నీ స్ఫటికాన్నీ విడిచి మూడవ దానిని చూపుతుంది. ‘చక్రపాణి’ చక్రమూ కాదు, పాణీ కాదు. ‘పదార్థం’ అన్న తెలుగు మాటకు పదానికి గల అర్థం, ద్రవ్యం అనే రెండర్థాలూ ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. ఫ్రీడెల్ చెప్పినది అక్షరాలా అన్యపదార్థమే.

4. ఎస్టర్ల సాక్ష్యం

నాలుగు విగ్రహాల్లో ఏది సరైనదో వ్యాకరణం చెప్పలేదు. అది వస్తువు చెప్పాలి. మిరిస్టిక్ ఆమ్లంతో చేసిన కొలెస్టరిల్ మిరిస్టేట్ ఇందుకు మంచి సాక్షి. సుమారు 71 డిగ్రీల వరకు అది మామూలు ఘనస్ఫటికం. అక్కడ కరిగి స్మెక్టిక్ స్థితికి వస్తుంది. సుమారు 79 డిగ్రీల వద్ద కొలెస్టరిక్ స్థితికి, 85 డిగ్రీల దగ్గర తేటద్రవానికి మారుతుంది. మొదటి మెట్టు దాటడానికే ఎక్కువ వేడి ఖర్చవుతుంది. తర్వాతి మెట్లకు కావలసినది దానిలో నూటికి కొన్ని పాళ్లే. ఉష్ణలెక్క ప్రకారం చూస్తే, స్ఫటికం చాలావరకు మొదటి మెట్టు దగ్గరే కూలిపోయింది. మిగిలినది ద్రవానికి చాలా దగ్గరగా ఉంది. ఈ లెక్క ఫోర్‌లాండర్ పక్షం వహిస్తుంది.

నిర్మాణాన్ని చూస్తే తీర్పు ఇంకో విధంగా ఉంటుంది. స్మెక్టిక్ స్థితిలో అణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. పొరకు అడ్డంగా పోయే దిక్కులో క్రమం ఉంటుంది. పొర లోపల మాత్రం అణువులు ద్రవంలో లాగానే తిరుగుతాయి. అంటే మూడు దిక్కుల్లో ఒకదానిలో స్ఫటికం, రెండింటిలో ద్రవం. ‘ద్రవమైన స్ఫటికం’ అన్న లేమాన్ మాటకు ఇక్కడ కొంత ఆధారం దొరుకుతుంది.

కొలెస్టరిక్ స్థితిలో ఆ పొరల క్రమం కూడా ఉండదు. అణువులకు చోటు స్థిరం కాదు, దిక్కు మాత్రం స్థిరం. నదీప్రవాహంలో తేలివచ్చే వెదురుబొంగులు ఒకదాన్నొకటి దాటిపోతున్నా అన్నీ ఇంచుమించు ఒకే వైపు తిరిగి ఉంటాయి. అలాంటి అమరిక ఇది. అయితే కొలెస్టరాల్ అణువుకు కుడి ఎడమల భేదం ఉంది. దాని అద్దపు ప్రతిబింబం దానితో సరిపోలదు. అందువల్ల ఒక అణువు పక్కన మరొకటి కొద్దిగా ఒరిగి నిలుస్తుంది. ఆ ఒరుగుడు పేరుకుంటూ పోయి, దిక్కు మొత్తం మెలిక మెట్లలా తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే దూరం కొన్ని వందల నానోమీటర్లు.

ఈ ఎస్టర్లు చూపే రంగుకు మూలం ఆ మెలికే. నిటారుగా పడిన తెల్లకాంతిలో, మెలిక పొడవును వక్రీభవన గుణకంతో గుణిస్తే వచ్చే తరంగదైర్ఘ్యం మాత్రమే వెనక్కి వస్తుంది. గుణకం సుమారు 1.5 కాబట్టి, మెలిక పొడవు సుమారు 270 నుంచి 470 నానోమీటర్ల మధ్య ఉన్నప్పుడు కంటికి రంగు కనబడుతుంది. ఇందులో రంగు అనదగిన పదార్థం ఏదీ లేదు. నెమలి ఈకలోనూ రంగు ఇలా నిర్మాణం నుంచే పుడుతుంది. వెనక్కి వచ్చేది మెలిక తిరిగిన వైపే తిరిగే వృత్తధ్రువిత కాంతి. రెండవ వైపు తిరిగేది లోపలికి సాగిపోతుంది. కాంతి ధ్రువణతలాన్ని ఈ స్థితి మిల్లీమీటరుకు వేల డిగ్రీలు తిప్పగలదు. క్వార్ట్జ్ స్ఫటికం సోడియం పసుపు కాంతిని మిల్లీమీటరుకు సుమారు 22 డిగ్రీలే తిప్పుతుంది. ఈ ఒక్క ధర్మంలో ‘స్ఫటికం వంటిది’ అన్న ఉపమానం తలకిందులవుతుంది. ఉపమేయం ఉపమానాన్ని వందల రెట్లు మించిపోయింది.

వేడి పెరిగితే సాధారణంగా ఈ ఎస్టర్లలో మెలిక బిగుసుకుంటుంది. కాబట్టి ఎరుపు ఆకుపచ్చ అవుతుంది, ఆకుపచ్చ నీలమవుతుంది. చల్లారి స్మెక్టిక్ స్థితిని సమీపించేకొద్దీ మెలిక విప్పుకుంటుంది. పొరలు ఏర్పడబోయే చోట మెలికకు తావుండదు కాబట్టి, రంగు ఎరుపు దాటి కంటికి అందకుండా పోతుంది. 1960ల్లో అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ ఎస్టర్ల మిశ్రమాలతో ఉష్ణోగ్రతను రంగుగా చూపే సాధనాలు చేసింది ఈ ధర్మం ఆధారంగానే. నుదుటిపై అంటించే జ్వరపు పట్టీలు ఆ దారిలో వచ్చినవే. టెలివిజన్ తెరల కథ వేరు. వాటిలోని పదార్థాలు వేరే రసాయన కుటుంబానికి చెందినవి.

ఇంకొక స్థితి మిగిలింది. తేటద్రవం నుంచి చల్లారుతూ కొలెస్టరిక్ స్థితికి చేరే ముందు, సాధారణంగా ఒకటి రెండు డిగ్రీల ఇరుకు సందులో, కొన్ని ఎస్టర్లు ‘నీలస్థితులు’ చూపుతాయి. రైనిట్సర్‌కు కాసేపు కనిపించి మాయమైన నీలం వీటి ఛాయే. 1970ల నుంచి మాత్రమే వీటిపై నిలకడైన పరిశోధన సాగింది. మూడు నీలస్థితుల్లో రెండింటిలో మెలికలు అన్ని దిక్కులకూ అల్లుకుని ఘనాకార జాలకం కడతాయి. అణువులు మాత్రం ద్రవంలో లాగా స్వేచ్ఛగా కదులుతుంటాయి. మూడు దిక్కుల్లోనూ క్రమమున్న జాలకం, దానిలో పారే అణువులు! ‘ద్రవమైన స్ఫటికం’ అన్న కర్మధారయం పూర్తిగా చెల్లేది ఇక్కడే. లేమాన్ పెట్టిన పేరుకు సరైన వస్తువు, ఎవరూ అంతగా పట్టించుకోని ఆ ఒకటి రెండు డిగ్రీల సందులో ఉంది.

కాబట్టి ఒకే పదానికి ఉష్ణోగ్రతను బట్టి విగ్రహం మారుతోంది. ద్వంద్వం ఒక్కటే ఎక్కడా నిలవలేదు. మిగిలిన మూడూ తమ తమ చోట్ల నిలుస్తాయి. అన్నింటినీ కలుపుకోగలిగినది బహువ్రీహి ఒక్కటే. ‘ద్రవస్ఫటికం’ నామవాచకంగా వాడుకలో ఉంది కాబట్టి అది బహువ్రీహి కాదని ఎవరైనా అనవచ్చు. చక్రపాణి, ముక్కంటి కూడా నామవాచకాలుగానే రూఢమయ్యాయి.

5. స్ఫటికం అనే మాట బరువు

ఐరోపాలో ఈ పేరుపై వచ్చిన అభ్యంతరం స్ఫటికమంటే ఘనమన్న భావన నుంచి పుట్టింది. అక్కడి మాటకు మూలమైన గ్రీకు పదానికి మంచుగడ్డ అని అర్థం. తెలుగు పాఠకుడికి ‘స్ఫటికం’ అనగానే ముందు తోచేది గట్టిదనం కాదు, తేటదనం. స్ఫటికలింగం, స్ఫటికమాల, ‘స్ఫటికంలా స్వచ్ఛం’ వంటి ప్రయోగాలన్నీ పారదర్శకతనే చెబుతాయి. అదే మాటకు వికృతి అయిన పటిక, బురదనీటిని తేర్చడానికి వాడే వస్తువు.

ఈ అర్థచ్ఛాయ కొలెస్టరాల్ ఎస్టర్ల దగ్గర పూర్తిగా ఎదురుతిరుగుతుంది. రైనిట్సర్ ఎస్టర్‌కు 145.5 నుంచి 178.5 డిగ్రీల వరకు ఉన్న ముఖ్యలక్షణం మసక. ‘ద్రవస్ఫటిక’ స్థితి పోయిన తర్వాతే అది తేటపడుతుంది. అంటే తెలుగు చెవికి స్ఫటికమనిపించేది ఆ స్థితి ముగిసిన తర్వాతి ద్రవం. మూలభాషల్లో పేరు చుట్టూ ఉన్న వైరుధ్యం ఒకటి, తెలుగులోకి వచ్చాక ఏర్పడిన వైరుధ్యం మరొకటి. అనువాదంలో పాత చిక్కు వదిలిపోయి కొత్త చిక్కు చేరింది. పాఠ్యగ్రంథాలు స్ఫటికాన్ని ‘క్రమబద్ధ జాలకం’ అని నిర్వచించినా, నిర్వచనం పరీక్ష వరకే ఉంటుంది. మాట ధ్వని అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ద్రవానికీ ఘనానికీ మధ్య స్థితులకు పేర్లు పెట్టడం తెలుగుకు చేతకాని పని కాదు. పాకం పట్టేవారు లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని వేళ్లతో పరీక్షించి పేరు పెట్టారు. నెయ్యి కరిగిందా, పేరిందా అని అడుగుతారు. పాకం మధ్యస్థితి పదార్థమని ఇక్కడ చెప్పడం లేదు. శాస్త్రరీత్యా అది కాదు. ఇక్కడ గమనించవలసినది పేరుపెట్టే పద్ధతి. స్థితిని ఏ పరీక్షతో గుర్తుపడతారో ఆ పరీక్షే పేరైంది. ఫ్రీడెల్ కూడా చేసిందదే. సూక్ష్మదర్శినిలో దారపు పోగులు కనబడితే గ్రీకు దారం పేరుతో నెమాటిక్ అన్నాడు, సబ్బు లక్షణం కనబడితే సబ్బు పేరుతో స్మెక్టిక్ అన్నాడు.

6. కొలెస్టరిక్ అనే మినహాయింపు

ఆ పద్ధతి తప్పినది మూడవ పేరులోనే. కొలెస్టరిక్ అన్న మాట పరీక్షనూ రూపాన్నీ చెప్పదు, మొదట దొరికిన రసాయనాన్ని చెబుతుంది. విచిత్రమేమంటే కొలెస్టరాల్‌ను విడిగా వేడిచేస్తే ఈ స్థితి రాదు. సుమారు 148 డిగ్రీల వద్ద అది నేరుగా కరిగిపోతుంది. ఎస్టర్‌గా మారి తోకలాంటి ఆమ్లభాగం చేరితేనే వస్తుంది. మరోవైపు, కొలెస్టరాల్ వాసన కూడా లేని అసౌష్ఠవ అణువులెన్నో ఈ స్థితిని చూపుతాయి. ఇది మెలిక తిరిగిన నెమాటిక్ రూపమేనని ఫ్రీడెల్ గుర్తించినా పాత గుర్తుగా పేరు మిగిలిపోయింది. నేటి పరిశోధకులు ‘కైరల్ నెమాటిక్’ అని కూడా వాడుతున్నారు.

తెలుగులో కొలెస్టరిక్ అని లిప్యంతరీకరించి వదిలేస్తే, చదువరికి అది రక్తపరీక్ష కాగితంలోని మాటగా తోస్తుంది. ‘మెలిస్థితి’ అనో ‘మెలిపోగు స్థితి’ అనో అంటే మెలికా అందులో ఉంటుంది, దారపు పోగూ ఉంటుంది. నెమాటిక్‌ను ‘పోగు స్థితి’, స్మెక్టిక్‌ను ‘పొర స్థితి’ అనడం అదే వరుసలో కుదురుతుంది. స్మెక్టిక్‌కు సబ్బును వదిలి పొరను ఎంచుకోవడం మూలానికి విధేయం కాకపోవచ్చు, వస్తువుకు విధేయమే. మొత్తం వర్గానికి ‘మధ్యస్థితి’ సరిపోతుంది. వాడుకలో పాతుకున్న ‘ద్రవస్ఫటికం’ను తీసివేయడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. పాఠ్యగ్రంథంలో దాని పక్కన విగ్రహవాక్యం ఒకటి ఉంటే చాలు. అది లేకపోతే విద్యార్థి సులభంగా చేరుకునే అర్థం ‘ద్రవంలో ఉండే స్ఫటికాలు’. తమ్మాన్ ఎమల్షన్ వాదం ఈ సప్తమీ తత్పురుష రూపంలో తిరిగి బతుకుతుంది.

ఈ విషయంలో తెలుగు నేలకు పరాయితనం లేదు. 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్లల వంటి అణువులు కూడా మధ్యస్థితి చూపుతాయని కనుగొన్నది. గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ద్రవస్ఫటికాలపై ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఆ ఫలితాలు వెలువడినది ఇంగ్లీషులోనే. వాటిని తెలుగులో రాసే అవసరం పడి ఉంటే, పై విగ్రహాల చర్చ ఎప్పుడో జరిగి ఉండేది.

7. రక్తనాళంలోని మధ్యస్థితి

ఈ చర్చ తరగతి గదికే పరిమితం కాదు. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే తక్కువ సాంద్రత లైపోప్రోటీన్ కణం నడిమి భాగంలో సుమారు 1500 కొలెస్టరాల్ ఎస్టర్ అణువులు ఉంటాయి. ఆ నడిమి భాగం చల్లబడితే పొర స్థితికి, వేడెక్కితే క్రమం లేని ద్రవస్థితికి మారుతుంది. ఆ మార్పు జరిగేది సుమారు 20 నుంచి 40 డిగ్రీల మధ్య, అంటే శరీర ఉష్ణోగ్రతకు దగ్గరలోనే. ధమనుల గోడల్లో పేరుకున్న కణాలలోని ఎస్టర్ బిందువులను ధ్రువిత కాంతిలో చూస్తే నాలుగు రెక్కల శిలువ గుర్తు కనబడుతుంది. అది పొర స్థితికి ఆనవాలు. ముదిరిన గాయాల్లో దాని పక్కనే నీటితో కలిసిన కొలెస్టరాల్ ఘనస్ఫటికాలు కూడా ఉంటాయి.

తెలుగు ఆరోగ్యవ్యాసాల్లో దీనికి సాధారణంగా దొరికే వర్ణన ‘కొవ్వు గడ్డకట్టి గొట్టం పూడుకుపోవడం’. ఆ పోలికలో ఘనం ఉంది, గొట్టం ఉంది, మధ్యస్థితి లేదు. పొర స్థితిలోని ఎస్టర్ బిందువు ఇంకా కదలగల పదార్థం. ఘనస్ఫటికంగా మారిన కొలెస్టరాల్ అంత తేలికగా కదలదు. ఒకటి కరిగి బయటపడే వీలు, రెండవది కరిగి బయటపడే వీలు ఒకటి కావు. రెండింటినీ ‘గడ్డకట్టడం’ అనే ఒక్క క్రియలో కలిపేసినప్పుడు, రోగికి చెప్పవలసిన తేడా ఆ వాక్యంలో మిగలదు. ‘పేరుకోవడం’ అన్న క్రియ ఇక్కడ కొంత నయం. పేరిన నెయ్యి మళ్లీ కరుగుతుందని తెలుగు ఇంట్లో అందరికీ తెలుసు. ధమనిగోడలోని ఘనస్ఫటికానికి మాత్రం ఆ క్రియ కూడా చాలదు. దానికి వేరే మాట కావాలి.